కాగునీళ్లు పోయె... 'స్పా'లు వచ్చె!

మియాపూర్ చౌరస్తా దాటి పటాన్‌చెరు వైపు బస్సులో వచ్చేవారికి రోడ్డు పక్కన ఒక కొత్తరకం బోర్డులు కనిపిస్తాయి. ఒక తామరపువ్వు, దాని పక్కన కళ్లు మూసుకున్న ఆడమనిషి ముఖం, కింద 'స్పా' అన్న ఒకే ఒక్క అక్షరం. ఇది దవాఖానా, సోకుల దుకాణమా, మరింకేదైనానా అన్న అనుమానం చాలామందికి తీరలేదు. లోపలికి వెళ్లి వచ్చినవారు పూర్తిగా చెప్పరు. వెళ్లనివారు లేనిపోనివన్నీ చెబుతారు. మధ్యలో అసలు సంగతి మరుగున పడిపోయింది.

అసలు సంగతి చాలా చిన్నది. వేడినీళ్లతో, ఆవిరితో, నూనెతో, మట్టితో ఒంటికి సేవ చేయించుకునే చోటును స్పా అంటున్నారు. ఇందులో మన పల్లెకు తెలియనిది ఏదీ లేదు. తెలియనిది ఒక్కటే, గంటసేపు ఒళ్లు పట్టించుకోవడానికి వెయ్యి రూపాయలు మొదలుకొని మూడు నాలుగు వేల దాకా ఇవ్వవచ్చునన్న సంగతి.

ఊరి పేరే సరుకు పేరు

బెల్జియం దేశంలో స్పా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి ఊటల్లో ఇనుము కలిసిన నీరు వస్తుంది. ఆ నీరు తాగితే, అందులో మునిగితే జబ్బులు పోతాయని యూరప్ రాజులు, జమీందార్లు వందల ఏళ్లపాటు అక్కడికి ప్రయాణాలు కట్టారు. రష్యా చక్రవర్తి పీటర్ 1717లో అక్కడికి వచ్చి ఆరోగ్యం బాగుచేసుకుని వెళ్లాడు. క్రమంగా ఆ ఊరి పేరే అటువంటి ఊళ్లన్నిటికీ పేరైంది. ఇంగ్లండులో ఒక ఊరి పేరే 'బాత్', అంటే స్నానం. రోమన్లు కట్టిన స్నానశాల ఆ ఊళ్లో నేటికీ ఉంది. ఊట నీరు 46 డిగ్రీల వేడితో, రోజుకు పదకొండున్నర లక్షల లీటర్లకు పైగా భూమిలో నుంచి ఉబికి వస్తూనే ఉంటుంది. ఇటువంటి ఊళ్లు ఏడు దేశాల్లో పదకొండింటిని ఏరి 2021లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

నేల లోపల నీరు ఎందుకు వేడెక్కుతుందన్నదానికి పెద్ద రహస్యమేమీ లేదు. వాననీరు పగుళ్ల గుండా చాలా లోతుకు దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ భూమి వేడిగా ఉంటుంది. అక్కడ కాగిన నీరు మరో పగులు దొరికితే పైకి తన్నుకొస్తుంది. తెలంగాణలోనూ అటువంటి చోట్లు ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాల వద్ద గోదావరి ఒడ్డున వేడినీటి ఊట ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు వేస్తే వేడినీళ్లు వచ్చాయి. మన సంగారెడ్డి జిల్లా నేలకు ఆ యోగం లేదు. ఇక్కడి స్పాల్లో వేడి అంతా కరెంటు మీటరు తిరిగితే వచ్చేదే.

ఇక వ్యాపారం పెరిగిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రపంచం మొత్తంమీద 2007లో దాదాపు 71 వేల స్పాలుండగా, పదేళ్లు తిరిగేసరికి, అంటే 2017 నాటికి, అవి 1,49,000కు చేరాయని ఈ రంగం లెక్కలు కట్టే అంతర్జాతీయ సంస్థ ఒకటి తేల్చింది. మన దేశంలో మొదట ఇవి కేరళ ఆయుర్వేద శాలలుగాను, పెద్ద పెద్ద హోటళ్లలో ఒక మూల గదులుగాను ఉండేవి. రుషీకేశ్ దగ్గర కొండమీద 'ఆనంద' అనే స్పా 2000లో తెరిచాక, కేవలం ఒళ్లు పట్టించుకోవడం కోసమే ప్రయాణమై వెళ్లే అలవాటు ధనికుల్లో మొదలైంది. తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటరు కంపెనీలు, వాటి వెనుక మాల్‌లు, మాల్‌లలో స్పాలు వచ్చాయి. నగరం చందానగర్, బీరంగూడ, అమీన్‌పూర్‌ల మీదుగా పటాన్‌చెరులోకి పాకుతున్నకొద్దీ ఆ బోర్డులు కూడా వెంట వచ్చాయి.

ఝరాసంగం గుండం

నీళ్లలో మునిగితే రోగం పోతుందన్న నమ్మకం ఈ జిల్లాకు కొత్తది కాదు. జహీరాబాద్ దగ్గరి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయ స్థలపురాణమే ఒక స్నానం కథ. కుపేంద్రుడనే సూర్యవంశపు రాజుకు చర్మవ్యాధి పట్టుకుంది. ఎందరు వైద్యులు చూసినా తగ్గలేదు. వేటకు వచ్చి మొగలి పొదల అడవిలో తిరుగుతూ అక్కడి సెలయేటిలో ఒళ్లు కడుక్కున్నాడు. వ్యాధి మాయమైంది. ఆ రాత్రి స్వామి కలలో కనిపించి గుడి కట్టించమన్నాడు. మిగతా శివాలయాల్లో మొగలిపువ్వు నిషిద్ధం కాగా, ఇక్కడ స్వామికి అదే ప్రీతి అంటారు. ఇప్పటికీ శివరాత్రికి మన జిల్లావారే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వచ్చి గుండంలో స్నానం చేసి దర్శనానికి వెళతారు. రాజుగారిని బాగుచేసింది నీటిలోని ఖనిజమా, దేవుడి మహిమా అని ఎవరూ పరీక్ష చేయలేదు, చేయాలని ఎవరికీ తోచలేదు కూడా.

ఇక ఇళ్ల సంగతి. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, పొయ్యిమీద రాగి కాగు, కింద కందికట్టె మంట. శనివారం వస్తే మంచినూనెతో తలంటు, కుంకుడుకాయ రసం, పెసరపిండో శనగపిండో రుద్దుడు. బాలింతరాలికి ఇరవై ఒక్క రోజులు మంత్రసాని వచ్చి ఒళ్లంతా నూనె పట్టించి, వేడినీళ్లు నడుముమీద ధారగా కొట్టి, సాంబ్రాణి పొగ వేసి, నడికట్టు బిగించి పడుకోబెట్టేది. పసిబిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకుని ఆమె పట్టే తీరు చూస్తే చూసేవారికి భయమేసేది కాని, బిడ్డ మాత్రం హాయిగా నిద్రపోయేది. పెళ్లిళ్లలో మైలపోలు తీసేనాడు పెళ్లికొడుక్కి నూనె, నలుగు పెట్టే బాధ్యత నాయీబ్రాహ్మణులది. దానికి వారికి కొత్త బట్టలు, బియ్యం, రూపాయలు కట్నంగా ముట్టేవి. తాలీంఖానాల్లో పహిల్వాన్లకు మాలీష్ చేసే ఉస్తాదులు వేరే ఉండేవారు. ఏ నరం ఎక్కడుందో, ఏ కండ ఎటు నొక్కితే వదులవుతుందో పుస్తకం చదవకుండా వారి బొటనవేళ్లకు తెలుసు.

ఇవన్నీ పోయాయని చెప్పలేము కాని సన్నగిల్లాయి. కాన్పులు దవాఖానాకు మారాయి, అది తల్లీబిడ్డల ప్రాణాలకు మంచిదే అయింది. కానీ కాన్పు తర్వాతి సేవ చేసే మనిషి లేకుండా పోయింది. నగరంలో అదే సేవ 'ప్రసవానంతర మసాజ్' పేరుతో రోజుకింత అని రేటు కట్టి ఇంటికి వచ్చి చేస్తున్నారు.

రాజుల సంగతి వేరు. గోల్కొండ కోట దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమాం ఉంది. రాజవంశీకుల భౌతికకాయాలకు ఖననానికి ముందు అక్కడ స్నానం చేయించేవారని చెబుతారు. మధ్యలో పన్నెండు పలకల రాతి అరుగు, గోడల్లో వేడినీళ్లకు, చన్నీళ్లకు వేర్వేరు మట్టి గొట్టాలు, పైన గాలీ వెలుతురూ దిగడానికి కప్పులో కన్నాలు, అన్నీ ఉన్నాయి. స్నానశాల కట్టడం ఇక్కడివారికి ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదని దాన్ని చూస్తే అర్థమవుతుంది. పక్కనే ఉన్నది గనుక పటాన్‌చెరు పిల్లలను బడివారు ఒకసారి తీసుకెళ్లి చూపిస్తే బాగుంటుంది.

జర్మనీ తొట్టి, తెలుగు పుస్తకం

స్నానంతో చికిత్స అన్నదాన్ని మన దేశంలో మొదట శ్రద్ధగా అందిపుచ్చుకున్నవారిలో తెలుగువారున్నారన్నది చాలామందికి తెలియదు. జర్మనీలో లైప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే (1835-1901) అనే ఆయన వైద్యుడు కాదు. సొంత జబ్బుతో విసిగి ఆవిరి స్నానం, నడుము మాత్రం మునిగేలా తొట్టిలో కూర్చునే కటిస్నానం, పథ్యం, ఇవి చాలునంటూ ఒక పద్ధతి పెట్టాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ అనువాదాలు దానికి పదేళ్లు ఆలస్యంగా వచ్చాయి. దక్షిణాఫ్రికాలో ఉండగా గాంధీజీ కూనే పుస్తకాన్ని, ఆడాల్ఫ్ జుస్ట్ పుస్తకాన్ని చదివి మట్టిపట్టీలు, కటిస్నానాలు తనమీదా, ఇంటివారిమీదా ప్రయోగించారు. 1945 నవంబరు 18న పూనాలో ప్రకృతి చికిత్స ట్రస్టు పత్రాల మీద సంతకం చేశారు. ఆ తేదీనే 2018 నుంచి జాతీయ ప్రకృతి చికిత్స దినంగా జరుపుతున్నారు.

తెలుగు నేలమీద భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి ఆశ్రమం నడిపారు. హైదరాబాద్‌లో డాక్టర్ బి. వెంకటరావు 1949లో ప్రకృతి చికిత్సాలయం ప్రారంభించారు. పటాన్‌చెరు, రామచంద్రాపురం వారికి దాని పేరు తెలియకపోయినా ఆ స్టేషను తెలుసు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కితే ఫతేనగర్, బేగంపేటల మధ్య 'నేచర్ క్యూర్ హాస్పిటల్' అనే స్టేషను వస్తుంది. రైలుకు పేరిచ్చిన ఆసుపత్రి అది. చెట్ల మధ్య గదులు, పొద్దున్నే కడుపుమీద తడిమట్టి పట్టీ, తర్వాత తొట్టి స్నానం, ఆవిరి పెట్టె, ఉప్పులేని భోజనం. అక్కడే ప్రభుత్వ ప్రకృతి చికిత్స కళాశాల కూడా ఉంది. ఇంటర్ సైన్సు చదివిన పిల్లలు అయిదున్నర ఏళ్ల డిగ్రీ చేస్తే ప్రకృతి వైద్యులుగా బయటికి వస్తారు. స్పా అంటే ముక్కు విరిచేవారు, అవే ఆవిరి, నూనె, మట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుడి చీటీ మీద దొరుకుతాయని తెలిస్తే కొంత నెమ్మదిస్తారు.

రెంటికీ తేడా మాత్రం ఉంది. అక్కడ రోగం అడిగి స్నానం చెబుతారు. ఇక్కడ రేటు పట్టిక చూపించి స్నానం అమ్ముతారు.

ఒంటికి మేలేనా?

అలసిన కండలకు మర్దన హాయినిస్తుంది, నొప్పి కొంతకాలం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఇంతవరకు వైద్యులూ ఒప్పుకుంటారు. పాశమైలారంలో పన్నెండు గంటలు నిలబడి మిషను నడిపినవాడికి నడుము పట్టేస్తే, ఎవరైనా అరగంట వీపు నొక్కితే ప్రాణం లేచొచ్చినట్లుంటుంది. అందులో అబద్ధం లేదు. అయితే మర్దనతో ఒంట్లో విషాలన్నీ బయటికి వస్తాయని, కొవ్వు కరిగిపోతుందని, షుగరు నయమవుతుందని బోర్డుల మీద రాసేవి నమ్మదగినవి కావు. ఒంట్లోని మలినాలను వడగట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది. చెమటతో పోయేది ప్రధానంగా నీరు, ఉప్పు. ఆవిరిగదిలో కూర్చుని కిలో తగ్గానని సంబరపడినవారు రెండు చెంబుల నీళ్లు తాగగానే మళ్లీ మొదటికి వస్తారు.

ఆవిరి స్నానాల మీద కాస్త గట్టి పరిశీలన జరిగిన దేశం ఫిన్లండ్. అక్కడ యాభై అయిదు లక్షల జనాభాకు సుమారు ముప్పై లక్షల వేడి గదులున్నాయి. వాటిని సౌనా అంటారు. 2,315 మంది మగవారిని ఇరవై ఏళ్ల పాటు గమనించి 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాలో కూర్చునేవారిలో గుండె హఠాత్తుగా ఆగి చనిపోవడం, వారానికి ఒక్కసారే కూర్చునేవారిలో కన్నా బాగా తక్కువ. వేడి వల్లనే ఆయుష్షు పెరిగిందా, ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువసార్లు వెళ్లగలుగుతున్నారా అన్నది దీనితో పూర్తిగా తేలదు. పైగా మంచులో బతికేవారికి పనికొచ్చిన వేడి, మే నెలలో సదాశివపేట ఎండలో తిరిగి వచ్చినవారికీ అంతే పనికొస్తుందనుకోవడం తొందరపాటు.

కొందరు మాత్రం దూరంగా ఉండడమే మేలు. ఒకే కాలి పిక్క వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే లోపల నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. షుగరు ఎక్కువకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, నీళ్లు మరుగుతున్నా తెలియక బొబ్బలెక్కుతాయి. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా ఆవిరిగదిలోకి పోకూడదు. గడ్డం గీసిన తర్వాత మెడను ఒక్కసారి అటూ ఇటూ విరిచి 'టక్'మనిపించే అలవాటు మన దుకాణాల్లో ఉంది. అది మానుకోవలసిందే. మెడలో నుంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలు చాలా సున్నితమైనవి. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీపార్లరులో తల కడిగించుకుంటూ మెడ వెనక్కు వాల్చి ఉంచిన ఒక మహిళకు పక్షవాతం లక్షణాలు కనిపించి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఈ ప్రమాదాన్ని వైద్యులు అంతకు ముప్పై ఏళ్ల ముందే గుర్తించి దానికో పేరు కూడా పెట్టారు.

నీళ్లు ఎక్కడివి?

స్నానమన్నాక నీళ్లు కావాలి. ఈ ప్రాంతంలో ఆ మాట దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

1970 దశకంలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. మెతుకుసీమ వెనుకబడిన ప్రాంతం గనుక రాయితీలిచ్చారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఊపు ఇంకా పెరిగింది. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వరకు మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వరసకట్టాయి. వేలమందికి కూలి దొరికింది. వాటి మురుగు మాత్రం నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దారి పట్టింది. పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతుల బావుల్లో నీళ్లు రంగు మారాయి. ఎడ్లను వాగులో కడిగిన చోట మనుషులు కాలు పెట్టడానికి వెనుకాడే రోజులొచ్చాయి. నీళ్లలో దిగితే దురదలు, దద్దుర్లు. కుపేంద్రుడి కథ తిరగబడినట్లయింది.

1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. జిల్లా జడ్జి ఊరూరూ విచారించి నివేదిక ఇచ్చారు. నష్టపోయిన రైతులకు పరిహారం ఇమ్మని, ఊళ్లకు మంచినీళ్లు అందించమని కోర్టు ఆదేశించింది. 2001లో కేసు హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు మారింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. కానీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మందు వేసుకున్న రోగి నెత్తురులో ఉండేదానికన్నా అది ఎక్కువ. అటువంటి నీటిలో పెరిగిన సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవుతాయన్న ఆందోళన నాటి నుంచి పటాన్‌చెరు పేరుతో కలిసి ప్రపంచమంతా తిరుగుతోంది. శుద్ధి చేసిన నీటిని తర్వాత పైపులైను వేసి హైదరాబాద్‌లోని అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు.

ఈ నేపథ్యంలో పటాన్‌చెరు చుట్టుపక్కల ఎవరైనా నీటి తొట్టి పెట్టి స్నానానికి పిలిస్తే మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే, నీళ్లు నల్లావా, బోరువా, ట్యాంకరువా? ట్యాంకరువైతే ఆ ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపారు? బకెట్టు స్నానానికి ఇరవై లీటర్లు చాలు. తొట్టి నిండడానికి రెండు వందల లీటర్లు కావాలి. ఒక మనిషి దిగి లేవగానే ఆ నీరు పారబోసి తొట్టి కడగాలి. ఆ ఖర్చుకు వెనుకాడి అదే నీటిని తిప్పి తిప్పి వాడితే ఏమవుతుందో హాలండ్ అనుభవం చెబుతుంది. అక్కడ బోవెన్‌కార్స్పెల్ అనే ఊళ్లో 1999లో పూల ప్రదర్శన జరిగింది. అమ్మకానికి పెట్టిన వేడినీటి తొట్టెలను జనానికి చూపించడానికి నురగలు కక్కేలా నడిపారు. సరిగా శుద్ధి చేయని ఆ నీటి తుంపరల్లో లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి ఉంది. తొట్టిలో దిగనివారు, పక్కనుంచి నడిచి వెళ్లినవారు కూడా ఆ గాలి పీల్చి న్యుమోనియా బారిన పడ్డారు. కనీసం ముప్పై రెండు మంది చనిపోయారు. గోరువెచ్చగా నిలవున్న నీరు మనిషికెంత హాయో సూక్ష్మజీవికీ అంతే హాయి.

పనిచేసే చేతులు

స్పాలో కుర్చీలు, దీపాలు, సన్నని సంగీతం, సువాసన నూనెలు అన్నీ కొనుక్కోవచ్చు. చేతులు మాత్రం మనుషులవి కావాలి. నగరంలోని స్పాల్లో పనిచేసేవారిలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన యువతులు, కేరళలో శిక్షణ పొందినవారు ఎక్కువగా కనిపిస్తారు. థాయ్‌లాండ్ పద్ధతి మర్దనకు గిరాకీ ఉంది. 2019లో యునెస్కో దాన్ని ఆ దేశపు సాంస్కృతిక సంపదగా గుర్తించింది. థాయ్‌లాండ్ తన ఊరి మంత్రసానుల, వైద్యుల చేతిపనిని బడిపెట్టి నేర్పి, దేశదేశాలకు పంపింది. కేరళ తన ఆయుర్వేద కేంద్రాలకు 'గ్రీన్ లీఫ్', 'ఆలివ్ లీఫ్' అని తరగతులు కట్టి, ఏది నమ్మదగినదో వచ్చినవారికి తెలిసేలా చేసింది. మన మంత్రసానికీ, మాలీష్ ఉస్తాదుకూ అటువంటి బడిగాని ముద్రగాని దక్కలేదు.

పని లేదని కాదు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల కింద సహాయ స్పా థెరపిస్టు, స్పా థెరపిస్టు అనే కోర్సులున్నాయి. ప్రభుత్వ చట్రంలో అవి మూడో, నాలుగో స్థాయి అర్హతలు. శరీర నిర్మాణం, పరిశుభ్రత, ఎవరికి మర్దన చేయకూడదన్నది వాటిలో నేర్పుతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్లు, స్పాల వంటి సేవలపై జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు కూడా. కాని పల్లెల్లో ఆడపిల్లను ఈ పనికి పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. కారణం అందరికీ తెలిసిందే. స్పా పేరిట వ్యభిచారం నడిపిన చోట్ల మీద పోలీసులు దాడులు చేయడం, ఆ వార్తలు పత్రికల్లో రావడం మామూలైపోయింది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద కేసులు పెడతారు. ఉద్యోగమని నమ్మించి తెచ్చిన పరాయి రాష్ట్రపు పిల్లలు అక్కడ చిక్కుకుని ఉంటే వారిని సంరక్షణ కేంద్రాలకు పంపుతారు. యజమాని జామీను మీద బయటికి వచ్చి మరో బోర్డు కట్టుకున్నా, పట్టుబడ్డ పిల్ల ముఖం మాత్రం ఊరందరికీ గుర్తుండిపోతుంది. ఇది న్యాయం కాదు.

ఢిల్లీలో 2021లో దీనికి కొన్ని నియమాలు పెట్టారు. గదుల తలుపులకు లోపల గడియలుండకూడదు, వేళలు పాటించాలి, పనిచేసేవారికి శిక్షణ పత్రాలుండాలి. మగవారికి మగవారే, ఆడవారికి ఆడవారే మర్దన చేయాలన్న షరతును మాత్రం కొందరు హైకోర్టులో సవాలు చేయగా, కోర్టు దాన్ని నిలిపివేసింది. అందరినీ ఒకే గాటన కట్టి నిషేధించడం సరికాదన్నది కోర్టు అభిప్రాయం. నియమాల మాట ఎలా ఉన్నా, పని వెదుక్కుంటూ వెళ్లే పిల్లలు, వారిని పంపే తల్లిదండ్రులు కొన్ని సంగతులు ముందే అడిగి తెలుసుకోవచ్చు. జీతం బ్యాంకు ఖాతాలో వేస్తారా, పీఎఫ్ కడతారా, ఆధార్ కార్డు అసలుది తమ దగ్గర పెట్టుకోమంటున్నారా, ఉండే చోటు ఎక్కడ, రాత్రి ఎన్నింటికి మూస్తారు. అసలు కాగితాలు తమకిచ్చేయమని, అడ్వాన్సు తీరేదాకా మానకూడదని చెప్పే చోట కాలు పెట్టకూడదు.

ఇక ఊళ్లో, చిన్న పట్టణాల్లో ఉన్న క్షౌరశాలల సంగతి. సంగారెడ్డి, సదాశివపేట, జోగిపేట, నారాయణఖేడ్‌లలో తల మాలీష్ ఇప్పటికీ ఆ దుకాణాల్లోనే దొరుకుతుంది. క్షవరంతో పాటు పది నిమిషాలు తల పట్టి, భుజాలు నొక్కి పంపుతారు. దానికి వేరే రేటు అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ. అదే పనికి రెండు కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో వందలు తీసుకుంటున్నారు. నగరాల్లో పెద్ద కంపెనీల సెలూన్లు వచ్చి కులవృత్తివారి గిరాకీ కొట్టుకుపోతున్న దశలో, తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు, దోభీఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితమని ప్రకటించింది. దుకాణం వెనుక ఒక చిన్న గది వేసి ఆవిరి స్నానం పెడదామని ఆలోచించే కుర్రవాళ్లు ఈ లెక్క ముందుగా వేసుకోవాలి. మూడు కిలోవాట్ల ఆవిరి యంత్రాన్ని రోజుకు మూడు గంటలు నడిపితే తొమ్మిది యూనిట్లు కాలుతాయి. నెలకు రెండు వందల డెబ్భై. అంటే ఉచితమంతా ఆవిరిగదికే పోగా, దుకాణంలో ఫ్యానుకు, దీపాలకు, గడ్డం మిషనుకు బిల్లు కట్టుకోవలసిందే. అదే కాగు పెట్టి కట్టెలతో కాచి గొట్టంతో ఆవిరి పంపవచ్చు కదా అని అడిగే పెద్దలున్నారు. పెట్టవచ్చు, కాని ఇరుకు బజారులో పొగ పోయే దారి చూసుకోవాలి. పైగా కందికట్టె ఇప్పుడు పల్లెల్లోనూ అడిగినంత దొరకడం లేదు.